బుజ్జిది సెలవు పెట్టింది

మా బావమరిదికీ నాకూ మధ్య మామూలు మాట ఎన్నడూ నడవలేదు. ఇది మా పెళ్లిచూపుల రోజున మొదలైన వ్యవహారం. అప్పటికి వాడికి మీసాలు కూడా సరిగ్గా మొలవలేదు. నా పక్కన చేరి చెవిలో, "మా అక్కకి కోపమొస్తే ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి, ఎవరైనా చెప్పారా నీకు?" అన్నాడు. "గిన్నెలైతే కాచుకుంటాను, నువ్వు ఎగిరొచ్చి మీద పడకుండా ఉంటే అదే పదివేలు," అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. ఆనాటి నుంచి ఎదురుపడితే చాలు, వేళాకోళమే. మాలో ఎవరికైనా జ్వరం వచ్చిందంటే ఆ కబురు మా ఆవిడ నోటి నుంచి రావాలి. మేం స్వయంగా చెప్పుకుంటే రెండోవాడు నమ్మడు. బావా బామ్మర్దులంటే వీళ్లే అని నలుగురూ అంటుంటే నేను తెగ పొంగిపోయేవాణ్ని.

వాడి బతుకంతా మూడు పొట్టి గుర్రాలు. పెద్దది, మచ్చలది, బుజ్జిది. పార్కులో ఫౌంటెన్ చుట్టూ వాటి మీద పిల్లల్ని తిప్పేవాడు. ఊళ్లో పిల్లలందరికీ వాడు గుర్రాల మామయ్య. బుజ్జిది మా భోజనాల బల్ల కన్నా కాస్త ఎత్తు ఉంటుందేమో, అంతే. భయపడే పిల్లల్ని దాని మీదే ఎక్కించేవాడు, ఎందుకంటే ఏడుపు వినబడితే అది తనంతట తానే ఆగిపోయేది. మనుషులతో ఎంత వెటకారంగా మాట్లాడినా వాటితో మాత్రం "అమ్మా, తల్లీ" అనే మాట్లాడేవాడు. కిందటేడు పార్కు నిండా కొత్త టైల్స్ పరిచి, జంతువులకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. "నలుగురం ఒకేసారి రిటైరయ్యాం బావా," అన్నాడు. "పెన్షన్ ఎవరికొస్తుంది, నీకా వాటికా?" అన్నాను. నవ్వుకున్నాం.

నాది బండ్లకు సీట్లు కుట్టే పని. కొట్టు ముందు భాగంలో రెక్సిన్ చుట్టలు, వెనక ఫోమ్ షీట్లు, మధ్యలో మిషను, మిషను వెనక నేను. తోలు పని కూడా వచ్చు కాబట్టి వాడి జీన్లు, పగ్గాలు నేనే బాగుచేసేవాణ్ని. ఒకరోజు వాడు జీను పట్టీలు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. గుర్రం పొట్ట కిందుగా తీసి జీనును బిగించే పట్టీలు అవి.

"ఏదో స్కూల్లో వార్షికోత్సవమట, గుర్రాలతో రమ్మన్నారు. బిగించి చూస్తే వదులుగా ఉన్నాయి. తోలు సాగినట్టుంది బావా, కాస్త కురచ చెయ్యి," అన్నాడు. ఎక్కడ కొయ్యాలో సుద్దముక్కతో గీతలు పెట్టి మరీ తెచ్చాడు.

తోలు సాగుతుంది, నిజమే. సాగితే వేలెడు సాగుతుంది, మహా అయితే రెండు వేళ్లు. ఆ గీతలు జానెడు లోపలికి ఉన్నాయి. "తోలు సాగిందా, నువ్వు పట్టుకుని వేలాడావా?" అన్నాను. "నీ పనితనమే అంత. మా అక్క నీతో ఎలా వేగుతోందో," అన్నాడు వాడు. నవ్వుతూనే కత్తెర తీశాను. కోసిన ముక్కలు కింద పడుతుంటే అవి ఏమిటో నాకు తెలుస్తూనే ఉంది. గుర్రాల ఒంటి మీద నుంచి పోయిన కండ అది. తెలిసీ చీపురు తీసుకుని ఊడ్చేశాను.

ఎన్నాళ్లకూ వాడు పట్టీల కోసం రాలేదు. స్కూలు సంగతి అడిగితే, "వాళ్లు ఏనుగును మాట్లాడుకున్నారట," అన్నాడు ఫోన్లో. ఇక నేనే స్కూటర్ మీద పట్టీలు తీసుకెళ్లాను. వాడు ఉండేది ఊరి చివర, మూతపడిన ప్లైవుడ్ ఫ్యాక్టరీ వెనక. ఒక గది, దానికి ఆనుకుని రేకుల షెడ్డు. గేటు తీయగానే గుప్పుమని వాసన కొట్టింది. షెడ్డులో లద్దె గుట్టలుగా పేరుకుపోయి, గుర్రాలు దాంట్లోనే నిలబడి ఉన్నాయి. తొట్టి అడుగున పాచి తప్ప నీళ్లు లేవు. మచ్చలదాని డెక్కలు కోసేవాళ్లు లేక పెరిగి పెరిగి, పాత చెప్పుల్లా ముందుకు వంపు తిరిగాయి. పాపం అది మడమల మీద బరువు వేసి నిలబడుతోంది. పెద్దదాని పక్కటెముకలు గేటు దగ్గరికే కనిపిస్తున్నాయి. బుజ్జిది గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి మెడ ఎత్తింది కానీ అడుగు వెయ్యలేదు.

నన్ను నిజంగా భయపెట్టింది అదేదీ కాదు. షెడ్డు మూలన దాణా బస్తాలు పేర్చి ఉన్నాయి. మూతులకు వేసిన కుట్లు విప్పనే లేదు. కాబట్టి దాణా లేక కాదు, లేచి పెట్టేవాడు లేక. ఆ లేవాల్సిన మనిషి పట్టపగలు గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. పక్కన కంచంలో ఎప్పటిదో తిండి ఎండిపోయి ఉంది.

"ఏం బామ్మర్దీ, గుర్రాలు డైటింగ్ చేస్తున్నాయా?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఏమైందిరా నీకు అని అడగాల్సిన చోట అడిగిన మాట అది. ఇన్నేళ్లుగా మా మధ్య ఉన్నది ఆ ఒక్క దారే, వేరే దారి నాకు తెలియదు. కానీ ఇలా అనుకున్నంత మాత్రాన మనసు తేలికపడదు.

వాడు లేచి కూర్చున్నాడు. "ఫ్యాషన్ బావా. నువ్వూ చెయ్యకూడదూ, ఆ బొజ్జ చూసుకో ఓసారి," అన్నాడు. నవ్వాడు గానీ నా ముఖంలోకి చూడలేదు. అదే గొంతుతో, "పోనీ నన్ను పట్టించెయ్యి. గుర్రాలను మాడ్చి చంపుతున్నాడని ఎవరికైనా చెప్పు, వచ్చి తీసుకుపోతారు," అన్నాడు.

"నిన్నా, గుర్రాలనా?"

"ఎవరు బరువు తక్కువుంటే వాళ్లని."

ఇద్దరం నవ్వాం. తర్వాత నేనే బస్తా కుట్లు విప్పి దాణా పోశాను, బకెట్లతో నీళ్లు మోశాను. పెద్దదీ మచ్చలదీ ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నాయి. బుజ్జిదానికి గిన్నె మూతి దగ్గర పట్టుకుంటే మెల్లగా తింది. వాడు గుమ్మంలో నిలబడి చూస్తూ, "రోజూ రా బావా, ఉద్యోగమిస్తాను," అన్నాడు. "నీ దగ్గరా? ముందున్న ఉద్యోగుల గతి చూస్తున్నాగా," అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. మరుక్షణమే సర్దుకుని నవ్వేశాడు. నేను చూడనట్టు తొట్టి తోముతూ ఉండిపోయాను.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ మందుల షాపు నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రోజంతా కౌంటర్ దగ్గర నిలబడే ఉద్యోగం ఆమెది. తల్లి పోయాక తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే. వాడి పేరెత్తితే ఇప్పటికీ ఆమెకు కనిపించేది చంకలోని పిల్లాడే.

"వాడెలా ఉన్నాడండీ? చిక్కాడా?"

"బాగానే ఉన్నాడు."

"గుర్రాలో?"

"ఉన్నాయి."

"అవి ఉంటే చాలు వాడికి. ఈ పెళ్లీ పెటాకులూ ఏమీ వద్దన్నాడు వాటి కోసం. వాటిని గనక ఎవరైనా లాక్కుంటే వాడు బతకడు," అంది. నేను నీళ్లు తాగాలన్న వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. నేను పోసింది తప్ప వాడు గుప్పెడు వేసిన జాడ లేదు. దారి పొడవునా స్కూటర్ మీద మాటలు కూడబలుక్కుని, వాడి ఎదుట నిలబడి, "ఒరేయ్, నేను సీరియస్‌గా చెబుతున్నాను," అని మొదలుపెట్టాను. వాడు గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, బావ సీరియస్సా? ఏ ఆస్పత్రిలో?" అన్నాడు. కూడబలుక్కున్నదంతా గాలికి పోయింది. ఛీ, నవ్వు కూడా వచ్చింది నాకు. అంతలో ఒక బస్సుకు సీట్లన్నీ మార్చే పని తగిలింది. కొట్టు వదిలి కదలడానికి వీల్లేకపోయింది, లేదా వీల్లేదని నాకు నేను చెప్పుకున్నాను. మిషను మీద కూర్చున్నంతసేపూ ఆ మూడు గుర్రాలూ ఇప్పుడు ఖాళీ తొట్టి నాకుతూ ఉంటాయన్న సంగతి చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది.

పశువుల ఆస్పత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో జంతు సంక్షేమ శాఖ వాళ్ల నంబరు రాసి ఉంటుంది. మూగజీవాలను హింసిస్తున్నా, పట్టించుకోకుండా వదిలేసినా ఫోన్ చేయమని. రోజూ దాని పక్కనుంచే వెళతాను. ఒకరోజు స్కూటర్ ఆపి, అటూ ఇటూ చూసి, దొంగతనం చేస్తున్నవాడిలా ఆ నంబరు ఫోన్లోకి ఎక్కించుకున్నాను. మా ఆవిడ కంట పడకుండా 'ఫోమ్ షాపు' అని పేరు పెట్టాను.

చెబితే మా ఆవిడ తమ్ముణ్ని చేతులారా పట్టించినవాణ్నవుతాను. అధికారులు వస్తారు, చుట్టుపక్కల వాళ్లు గేటు దగ్గర గుమిగూడతారు, పిల్లల గుర్రాల మామయ్య గుర్రాలను మాడ్చినవాడిగా మిగులుతాడు. ఆ తర్వాత వాడు మంచం మీద నుంచి ఇంక లేవకపోతే? చెప్పకపోతే ఆ మూడూ చస్తాయి. ఇందులో అనుమానానికి చోటు లేదు, పట్టీ కోసిన చేతికి ఇంకొకరు చెప్పాలా? రెండింట్లో ఏది చేసినా పాపమే అనుకుని, రెండూ చేయకుండా కూర్చున్నాను. అలా కూర్చోవడం కూడా రెండోది చేయడమేనని తెలియనంత అమాయకుణ్నేం కాదు.

బస్సు పని ముగిసిన శుక్రవారం సాయంత్రం మళ్లీ వెళ్లాను. నేను విప్పిన బస్తా విప్పినట్టే ఉంది, ఎలుకలు మాత్రం తిన్నాయి. బుజ్జిది గోడ వదిలి నిలబడలేకపోతోంది. దాన్ని కాస్త పక్కకు జరిపి దాణా వేద్దామని చెయ్యి వేస్తే దాని ఒళ్లంతా వణికింది. గదిలో వాడు నిద్రపోతున్నాడు, లేదా నిద్ర నటిస్తున్నాడు. పిలవలేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేసేస్తాను, ఏమైతే అది అయింది అని గట్టిగా అనుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతిలో కూరగాయల సంచి, ముఖం వెలిగిపోతోంది. "ఆదివారం తమ్ముణ్ని భోజనానికి రమ్మన్నానండీ. ఎప్పుడు పిలిచినా తప్పించుకునేవాడు, ఈసారి వస్తానన్నాడు," అంది.

సరే, ఆ ఒక్క పూటా అక్క ఇంట్లో కడుపునిండా తిని పోనీ, సోమవారం చేద్దాం అనుకున్నాను. దాన్ని జాలి అనుకున్నాను. వాడి మీద కాదు, గుర్రాల మీద అంతకన్నా కాదు. అది నా మీద నాకున్న జాలి.

ఆదివారం వాడు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వదులైపోయిన చొక్కాను చూసి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "కుట్టినవాణ్ని అను, నన్నెందుకు," అని వాడు నా వైపు చెయ్యి చూపాడు. "నేను కుట్టేది సీట్లు. నీకు కుట్టాలంటే బస్తా కుట్టాలి," అన్నాను. ఆమె ఏడుపు ఆపి నవ్వింది. రెండు కూరలు చేసింది, పెరుగు మీగడతో సహా తీసి పెట్టింది. వాడు కలిపాడు, కెలికాడు, తిన్నది తక్కువ. "గుర్రాలెలా ఉన్నాయిరా?" అని ఆమె అడిగింది.

వాడు నా వైపు తిరిగాడు. "బుజ్జిది ఇవాళ సెలవు పెట్టింది బావా," అన్నాడు. "పొద్దున్నించీ లేవనంటోంది."

మా ఆవిడ ఫక్కున నవ్వింది. వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత తిన్నగా నా కళ్లలోకి చూసింది అప్పుడే. ఆ మాట నాకు అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది. కంచం వదిలేసి పద వెళదాం అని లేవాల్సినవాణ్ని, మా ఆవిడ నవ్వుముఖం చూశాను, మీగడ చూశాను.

"మెడికల్ సర్టిఫికెట్ ఇమ్మను. లేకపోతే జీతం కోత," అన్నాను.

వాడు తల దించుకుని, "సరే, చెబుతాను," అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. 

సోమవారం కొట్టు తెరవగానే షట్టరు సగం దించి ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ, మెత్తని గొంతు. ఎక్కడ, ఎన్ని, ఏ స్థితిలో ఉన్నాయి అని అడిగింది. చెప్పాను. "మీ పేరు చెప్పక్కర్లేదండీ, గోప్యంగా ఉంచుతాం. యజమాని మీకేమవుతారు?" అంది.

"కస్టమరండీ," అన్నాను.

"వాటిలో ఏదైనా లేవలేకుండా పడిపోయి ఉందా?"

"ఒకటి లేవట్లేదని విన్నాను."

"ఎప్పటి నుంచి?"

"తెలియదండీ."

వాటిని తీసుకెళ్లే బండి వేరే ఊళ్లో ఉందని, మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పింది. ఆ రోజంతా నేను వాడి దగ్గరికి వెళ్లలేదు. ఫోన్ చేసి వచ్చిన ముఖం వాడికి ఎలా చూపించను? ఒక స్కూటర్ సీటు కుట్టి, కుట్టు వంకర పోయిందని విప్పి, మళ్లీ కుట్టాను.

మర్నాడు మా ఆవిడకు వాడి నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దరం స్కూటర్ మీద పరిగెత్తాం. "ఏ కడుపుమంటగాడు చేశాడో ఈ పని, వాడి నోట్లో మన్ను పడ!" అని ఆమె నా వీపు వెనక దారి పొడవునా తిడుతూనే ఉంది. ఆ తిట్లన్నీ నా వీపుకే తగులుతున్నాయి. గేటు ముందు పెద్ద బండి ఆగి ఉంది. పెద్దదాన్ని అప్పటికే ఎక్కించారు. మచ్చలది ఆ డెక్కలతో వాలు బల్ల ఎక్కలేక జారుతుంటే ఇద్దరు మనుషులు పక్కల నుంచి పట్టుకుని ఎక్కిస్తున్నారు. జంతువుల డాక్టరమ్మ నా ముందు నుంచే వెళుతూ, "ఆ చిన్నది మేం వచ్చేసరికే పోయింది," అని తన మనిషితో అంది.

వాడు షెడ్డులో బుజ్జిదాని పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. దాని మీద తన దుప్పటి కప్పాడు. ఇస్త్రీ చొక్కా ఆదివారం నుంచి విప్పినట్టు లేదు. మా ఆవిడ పోయి వాడి తల గుండెకు హత్తుకుని, "ఎవరురా, ఎవరు చేశారు?" అని ఏడ్చింది. ఎవరో ఏమో అన్నట్టు వాడు తల ఊపాడు.

"నేనే ఫోన్ చేశాను," అన్నాను.

వాడు తలెత్తాడు. పెదవులు అలవాటుగా విచ్చుకున్నాయి. "ఊరుకో బావా. ఇవాళ కూడానా?" అన్నాడు.

"మీకు వేళాపాళా లేదా?" అని మా ఆవిడ నన్ను కసిరింది.

అక్కడితో ఆగిపోవచ్చు. ఇంకో ముక్క మాట్లాడక్కర్లేదు, ఇద్దరూ నన్ను వదిలేశారు. ఇంటికెళ్లి అన్నం తినొచ్చు, పొద్దున్నే కొట్టు తెరుచుకోవచ్చు. వాడి ఎదురుగా కిందే కూర్చున్నాను.

"వేళాకోళం కాదు. నేనే చేశాను."

మా ఆవిడ ఏడుపు ఆగిపోయింది. వాడు నన్ను చూశాడు. నవ్వు కోసం నా ముఖమంతా వెతికాడు. దొరకలేదు. కోపం వస్తుందనుకున్నాను, వస్తే బాగుండు అనుకున్నాను. రాలేదు.

"ఎప్పుడు చేశావు?" అన్నాడు.

"నిన్న. సోమవారం పొద్దున."

వాడు దుప్పటి అంచు సర్దాడు.

"ఆదివారం చెప్పాను కదా బావా నీకు," అన్నాడు.